కాలు దువ్వకముందే కనిపెట్టడం నేర్పిన మీ అందరికీ కృతజ్ఞతలు

మా ఆబోతు విషయంలో సాయం అడగగానే స్పందించిన వారందరికీ పేరుపేరునా నమస్కారాలు. స్వయంగా వచ్చి చూసిన పశువుల డాక్టరమ్మ గారికి, జీవితమంతా పశువుల మధ్యే గడిపిన పెద్దాయనకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.

రెండేళ్ళు దగ్గరపడే కొద్దీ దాని తీరు మారింది. దాణా పెట్టడానికి ఎవరు వెళ్ళినా అడ్డంగా తిరిగి నిలబడేది. పొడవలేదు, మీదికీ రాలేదు. అది బెదిరింపో కాదో తేలక ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

పెద్దాయన కంచె బయటి నుంచే కాసేపు చూసి, "అది నీకు తన ఒళ్ళు చూపిస్తోందయ్యా" అన్నారు. కోపమొచ్చిన ఆబోతు ముందు పక్కకు తిరిగి, వీపు విల్లులా వంచి, తల దించి తానెంత పెద్దదో చూపిస్తుందట. వీపు మీద వెంట్రుకలు నిక్కపొడుచుకుంటాయి, కళ్ళు ఉబ్బినట్టుంటాయి. కాలు దువ్వడం, రంకె వేయడం, కొమ్ములతో మట్టి ఎగజిమ్మడం మనందరికీ తెలుసు. వాటికంటే ముందొచ్చే ఈ అడ్డం తిరగడాన్నే ఎవరూ పట్టించుకోరు. ఆయన చెప్పినవాటిలో నాకు అన్నిటికంటే విలువైనది ఇదే.

అలాంటప్పుడు వీపు తిప్పకూడదు, పరిగెత్తకూడదు. దాన్ని గమనిస్తూనే నెమ్మదిగా వెనక్కి జరిగి బయటపడాలి. లోపల అడుగుపెట్టే ముందే బయటికి దారి ఎటో చూసుకోవాలి.

డాక్టరమ్మ గారు కారణాలు విడమరిచి చెప్పారు. ఆవుజాతికి కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ కనిపిస్తుంది, సరిగ్గా వెనక మాత్రం కనిపించదు. అందుకే వెనక నుంచి చడీచప్పుడు లేకుండా వెళ్ళకూడదు. ముందుగా గొంతు వినిపించి, దానికి కనిపించేలా పక్క నుంచి వెళ్ళాలి. ఎర్ర బట్టల భయం కూడా ఆవిడే పోగొట్టారు. ఎరుపు వాటికి మనకు కనిపించినట్టు కనిపించదు, రెచ్చగొట్టేది గుడ్డ ఊపడమే.

మా ఆబోతును ఈనగానే దాని తల్లి చనిపోయింది. దూడగా అది ఒంటరిగా, సీసా పాలతో పెరిగింది. అలా పెరిగిన కోడె మనిషినే తన జాతి అనుకుంటుందట. వయసొచ్చాక తోటి కోడెతో తలపడాల్సింది మనిషితో తలపడుతుంది. పశువుల ప్రవర్తన మీద పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ ఎప్పటి నుంచో హెచ్చరిస్తున్నది దీని గురించేనట. "మాది చాలా సాధువండీ" అని ఎవరైనా అంటే ఇప్పుడు నాకు భయమేస్తుంది. మచ్చికైన ఆబోతు దగ్గరే మనిషి ఏమరుపాటుగా ఉంటాడు.

దూడగా ఉన్నప్పటి నుంచే నుదురు రుద్ది ఆడించకూడదని, అది కుమ్మడం నేర్పినట్టేనని ఫోన్ చేసి చెప్పిన అక్కయ్యకూ థాంక్స్. మా పిల్లలకు గట్టిగా చెప్పాం.

ఇప్పుడు దాణా కంచె బయటి నుంచే వేస్తున్నాం. ఒంటరిగా ఎవరూ లోపలికి వెళ్ళడం లేదు. ఆవు ఎదకొచ్చినప్పుడు రెండింటి మధ్యకు అసలే వెళ్ళం. ప్రమాదం వస్తే మనిషి మాత్రమే దూరి బయటపడేలా కంచెలో సందు పెట్టి, కూలి కూడా తీసుకోని వెల్డింగ్ తమ్ముడికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

పెద్దాయన మీ అందరికీ చెప్పమన్న మాట ఒకటుంది: సీసా పాలతో కోడెదూడను పెంచుతుంటే దాన్ని ఒంటరిగా ఉంచకండి, ఇప్పుడే తోటి దూడలతో కలపండి.