అరికాలు కూడా చూడాలి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరాయంటే చాలు, పత్రికల్లోనూ టీవీల్లోనూ చర్మ క్యాన్సర్ మీద కథనాలు మొదలవుతాయి. సన్‌స్క్రీన్ రాసుకోమంటారు, మిట్టమధ్యాహ్నం బయట తిరగొద్దంటారు. పక్కన వేసే బొమ్మ మాత్రం ఎప్పుడూ ఒకటే: తెల్లటి వీపు మీద నల్లమచ్చ. సలహా మంచిదే. కానీ ఆ బొమ్మ చూసిన హైదరాబాదీ అద్దం ముందు నిలబడి ముఖం, మెడ చూసుకుని నిశ్చింతగా ఉండిపోతాడు. మనవాళ్లలో ఈ జబ్బు దాక్కునే చోట్లు వేరు. అరికాలు, అరచేయి, గోటి కింద, చిన్నప్పుడెప్పుడో కాలిన మచ్చ, ఏళ్లుగా మానని పుండు. ప్రభుత్వాసుపత్రి డ్రెస్సింగ్ గదిలో చాలాకాలం స్టాఫ్ నర్సుగా పనిచేసినదాన్ని కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

మన చర్మంలో రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థం ఎక్కువ. అందుకే తెల్లవాళ్లతో పోలిస్తే మనకు చర్మ క్యాన్సర్లు చాలా తక్కువ, ఎవరూ బెంబేలెత్తక్కర్లేదు. అయితే అరికాలిలో, గోటి కింద వచ్చే మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు ఎండతో పెద్దగా సంబంధం లేదు. జమైకా గాయకుడు బాబ్ మార్లేకి 1977లో అది కాలి బొటనవేలి గోటి కిందే బయటపడింది. ముందు ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1981లో, 36 ఏళ్లకే ఆయన చనిపోయారు.

పుట్టుమచ్చ విషయంలో చూడాల్సినవి ఇవి: ఒక సగం రెండో సగంలా లేకపోవడం, అంచులు వంకరటింకరగా ఉండటం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు, 6 మిల్లీమీటర్లు దాటిన వెడల్పు. న్యూయార్క్ వైద్యులు 1985లో చెప్పిన ఈ నాలుగింటికి 2004లో ఐదోది చేరింది: మచ్చ మారుతూ ఉండటం. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. అరికాలిలో కొత్తగా నల్లమచ్చ వచ్చి పెరుగుతుంటే ఆనెకాయ అనుకుని ప్లాస్టర్ అంటించుకుంటారు. కొన్ని మెలనోమాలకు అసలు నలుపే ఉండదు, ఎర్రటి బొడిపెలా ఉంటాయి. గోళ్ల మీద సన్నటి నల్లగీతలు మనలో చాలామందికి ఉంటాయి, వాటిలో ఎక్కువ భాగం ప్రమాదం లేనివే. కానీ పెద్ద వయసులో ఒక్క గోటికే కొత్తగా గీత వచ్చి, వెడల్పవుతూ, ఆ నలుపు గోటి పక్క చర్మంలోకి పాకితే వెంటనే డాక్టరుకు చూపించాలి.

ముఖం మీద ముక్కు పక్కనో కనురెప్ప దగ్గరో మెరిసే చిన్న పొక్కు వస్తుంది. మనవాళ్లలో అది తరచు నల్లగానే ఉంటుంది కాబట్టి పుట్టుమచ్చే అనుకుంటారు. పక్కు కడుతుంది, రక్తం కారుతుంది, మళ్లీ పక్కు కడుతుంది. అదీ ఒక రకం చర్మ క్యాన్సరే కావచ్చు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది పుండ్ల సంగతి. దశాబ్దాల కిందటి కాలిన మచ్చ మీద పుండు పడుతుంది. షుగరు ఉన్నవాళ్ల కాలికి, ఒకప్పుడు కుష్ఠు సోకినవాళ్ల పాదానికి పుండు మానకుండా ఉంటుంది. లంగా నాడా బిగించి కట్టీ కట్టీ నడుము దగ్గర ఒరుసుకున్న చోట కూడా క్యాన్సర్ వచ్చిన సందర్భాలను మన దేశపు వైద్యులే నమోదు చేశారు. షుగరు పుండే కదా అని నెలల తరబడి కట్లు మారుస్తూనే ఉంటారు. అంచులు గట్టిపడి పైకి లేచినా, కాలీఫ్లవర్‌లా పెరిగినా, వాసన వేసినా, ముట్టుకుంటే రక్తం వచ్చినా ఇక కట్టు మార్చి ఊరుకోకూడదు. ముక్క తీసి పరీక్షకు (బయాప్సీకి) పంపాల్సిందే.

ఇక్కడే మనవాళ్లు వెనక్కి తగ్గుతారు. కత్తి తగిలితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని భయం. బయాప్సీ వల్ల అలా పాకదు. చేయించకుండా గడిపిన నెలల్లోనే జబ్బు గజ్జల్లోని గ్రంథులకు, ఆపైన ఊపిరితిత్తులకు చేరుతుంది. అదే చర్మం పైపొరల్లో ఉండగానే తీసేస్తే చాలావరకు నయమవుతుంది. సున్నం, సోడా పెట్టి మచ్చ కాల్చుకోవడం, ఎక్కడో కరెంటుతో మాడ్పించుకోవడం మానాలి. కాలిపోయిన ముక్కను ల్యాబుకు పంపేదెలా? డాక్టరు చీటీ లేకుండా మెడికల్ షాపులో కొనే స్టెరాయిడ్ ట్యూబూ అంతే. పైన ఎరుపు తగ్గుతుంది, లోపల జబ్బు లోపలే ఉంటుంది.

ప్రభుత్వాన్ని అడిగేది చిన్న పని. 2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానాలున్నాయి. బీపీ, షుగరు మందుల కోసం జనం అక్కడికి పదే పదే వస్తారు. దేశవ్యాప్త స్క్రీనింగ్ కార్యక్రమంలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే చోటుంది. వచ్చినవాళ్ల చెప్పులు విప్పించి అరికాళ్లు, వేళ్ల సందులు, గోళ్లు చూడటం కూడా అక్కడి నర్సుల పనిలో చేర్చాలి. దానికి యంత్రమేదీ అక్కర్లేదు, షుగరు రోగుల పాదాలను ఎలాగూ చూడాలి. నెల దాటినా మానని పుండును, మారుతున్న మచ్చను ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల చర్మవ్యాధుల విభాగానికి చీటీ రాసి పంపాలి. క్యాన్సరని తేలితే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ఆసుపత్రి ఉంది, క్యాన్సర్ చికిత్సలకు ఆరోగ్యశ్రీ ఉంది.

మీకూ ఒక మనవి. ఈసారి ఈ విషయం మీద కథనం వేసేటప్పుడు మన చాయ ఉన్న పాదం, మన చాయ ఉన్న గోరు, మన ఒంటి మీది పాత కాలిన మచ్చ ఫొటోలు వేయండి.

– విశ్రాంత స్టాఫ్ నర్సు,
సీతాఫల్‌మండి, హైదరాబాద్