టెంకాయ చెట్టుకు ఏ తెగులో తేల్చేదెవరు?

సంపాదకులకు,

అయ్యా,

మాది ఇందుకూరుపేట మండలంలో సముద్రం దాపున ఉన్న ఊరు. అంతా ఇసుక నేల. రెండేళ్ల కిందట మా తోటలో ఒక టెంకాయ చెట్టుకు అడుగు మట్టలు పసుపుబారి, రాలిపోకుండా మాను చుట్టూ వేలాడాయి. మందుల కొట్లో చెబితే ఆకు రసం పీల్చే తెల్లదోమ అన్నారు. ఆ ఏడు తెల్లదోమ అందరి తోటల్లోనూ ఉంది, నేనూ నమ్మి మందు కొట్టించాను. తర్వాత మాను మొదట్లో ఎర్రటి బంక కారింది. అది చూసి ఇంకొకాయన బంకకారు తెగులన్నాడు. కారినచోట చెక్కి, మైలుతుత్తం సున్నం కలిపి చేసే బోర్డో పేస్టు పూశాం. వానలకు చెట్టు మొదట్లో చెక్కలాగా గట్టిగా ఉండే పుట్టగొడుగు లేచాక గానీ అది వేర్లను కుళ్లబెట్టే గానోడెర్మా అనే శిలీంధ్రమని తెలియలేదు. అప్పటికే పక్కనున్న మూడు చెట్లకూ అంటుకుంది.

తేడా తెలిసినవాడికి ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. తెల్లదోమయితే మట్ట అడుగున తెల్లటి చుట్టలు, కింది మట్టల మీద మసి కనిపిస్తాయి. బంకకారు తెగులయితే మాను ఎక్కడ పగిలితే అక్కడ కారుతుంది. గానోడెర్మాలో మాత్రం కారడం నేలకు ఆనుకునే మొదలై పైకి పాకుతుంది, తవ్వి చూస్తే వేర్లు కుళ్లి ఉంటాయి. 1952 తుపాను తర్వాత తంజావూరు తోటల్లో చెలరేగింది కాబట్టి తంజావూరు ఎండు తెగులనీ అంటారు. ఈ శిలీంధ్రం ఉండేది మట్టిలో, చచ్చిన మొద్దులో. ఒక చెట్టు వేరు ఇంకో చెట్టు వేరుకు తగిలి, పారే నీళ్లతోనూ పక్క చెట్టుకు పోతుంది. మట్టల మీద ఎంత పిచికారీ చేసినా డబ్బు దండగే.

తొలిదశలో పట్టుకుంటే దారి ఉంది. పాదులో 1 శాతం బోర్డో మిశ్రమం 40 లీటర్లు పోయాలి, ఏటా 5 కిలోల వేపపిండిలో తెగులు శిలీంధ్రాన్ని అణిచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మా 50 గ్రాములు కలిపి వేయాలి, చుట్టూ కందకం తీసి నీళ్లు పక్క పాదుకు పోకుండా ఆపాలి. చచ్చిన చెట్టును వేళ్లతో సహా తీసేయాలి. మా వాళ్లు మాను కొట్టి దూలాలకు వాడుకుని మొద్దును మాత్రం అట్లాగే వదిలేస్తారు. నేనూ వదిలేసినవాణ్ణే.

వరి వంగడాలకు పేరుపడ్డ పరిశోధన కేంద్రం నెల్లూరులోనే ఉంది. టెంకాయ సంగతి అడగాలంటే మాత్రం కోనసీమలోని అంబాజీపేట దాకా పోవాలి. నాలుగు చెట్ల రైతు కుళ్లిన వేరు సంచిలో వేసుకుని అంత దూరం పోతాడా? కొబ్బరి అభివృద్ధి బోర్డుకు తెగులు చెట్లు తీసేసి కొత్తవి నాటే పథకం ఉంది, నిజమే. ఏ తెగులో తేలకుండా ఏమని దరఖాస్తు పెట్టుకోవాలి?

ఉద్యాన శాఖను అడిగేది ఒకటే. అక్టోబరు వానలకు ముందే ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మండలాల తీర గ్రామాల్లో తెగుళ్లు గుర్తించగల శాస్త్రవేత్తను ఒక్కో రోజు తోటల్లో తిప్పండి. వేరు, మట్టి నమూనాలు రైతు సేవా కేంద్రంలోనే తీసుకుని పరీక్షకు పంపండి. మొద్దులు తవ్వించే ఖర్చులో కొంత భరించండి. మా ఊళ్లో తవ్వకుండా మిగిలినవి ఇప్పటికి ఏడు, వాటిలో రెండు నావే.

— ఒక టెంకాయ రైతు, ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా