నీకు పద్దెనిమిది నిండేలోపు

పర్లాకిమిడి

అమ్మలూ,

బరంపురంలో పిన్ని దగ్గర నీకు బాగానే పొద్దుపోతోందని విన్నాను. మొన్న పెద్దనాన్న, అత్త వచ్చినప్పుడు ఇంట్లో నీ గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. నువ్వు లేనప్పుడు నీ గురించి ఏం మాట్లాడుకున్నామో నీకు తెలియాలి. అందుకే రాస్తున్నాను.

వచ్చే వైశాఖానికి నీకు పద్దెనిమిది నిండుతాయి కాబట్టి కలెక్టరాఫీసులో అర్జీ పెట్టి, నాన్నా నేనూ నీ తరఫున నిర్ణయాలు తీసుకునే గార్డియన్లుగా కాగితం తెచ్చుకోవాలని పెద్దనాన్న అన్నారు. అలాంటి ఏర్పాటు ఉన్న మాట నిజమే. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో నీకున్న సెరిబ్రల్ పాల్సీ కూడా ఉంది. తమ సంగతి తాము చూసుకోలేని పిల్లల తల్లిదండ్రులకు అది పెద్ద ఆసరా. మరి నీకెందుకు? నీ చేయి వణుకుతుంది, మాట నిదానంగా వస్తుంది, నడవడానికి వాకర్ కావాలి. మంచీ చెడూ తేల్చుకోవడంలో నీకేం లోటు?

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 13వ సెక్షన్ చదివించుకున్నాను. ఆస్తి, డబ్బు, బ్యాంకు వ్యవహారాల్లో అందరికీ ఉన్న హక్కే నీకూ ఉందని అందులో రాశారు. ఎప్పుడైనా ఏదో ఒక విషయంలో తోడు తప్పదనుకుంటే, ఆ పనికి మాత్రమే, కొంతకాలమే, నీతో కలిసి నిర్ణయం తీసుకునే గార్డియన్‌ని 14వ సెక్షన్ కింద పెట్టుకోవచ్చు. మొత్తంగా గార్డియన్‌షిప్ అక్కర్లేదని నాన్నా నేనూ అనుకుంటున్నాం. నీ మాటేమిటో నువ్వే పెద్దనాన్నతో చెప్పు.

హక్కు చట్టంలో ఉన్నంత మాత్రాన సరిపోదు, వాడుకోవడం అలవాటవ్వాలి. ఆసుపత్రిలోనైనా ఆఫీసులోనైనా నిన్ను వదిలేసి నన్నే అడుగుతారు, అమ్మాయికి ఏమైందని. ఇకమీదట నేను జవాబు చెప్పను. ఆంధ్రా వైపు పాతపట్నంలో పుట్టి పెరిగిన నాకంటే బడిలో చదువుకున్న నీకే ఒడియా బాగా వచ్చు. నువ్వే చెప్పు. వాళ్లకు అర్థం కాకపోతే ఫోన్‌లో టైప్ చేసి చూపించు. ఆలస్యమైతే అవనీ. వెనక లైన్లో వాళ్లు విసుక్కుంటే విసుక్కోనీ.

అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది ఇంకొకటి ఉంది. స్నానానికీ, బట్టలకీ, నెలసరి రోజుల్లోనూ ఇన్నాళ్లూ నా చేయే సాయం. రేపు డిగ్రీకి హాస్టల్లో చేరితే ఆ సాయం ఆయా చేయాలి. డ్రెస్ వేసేటప్పుడు పట్టేసిన ఎడమ చేతికి ముందు తొడగాలని, తీసేటప్పుడు దాన్ని చివర తీయాలని ఆమెకు నువ్వు చెప్పాలి. నేను ఊరికే నీ పక్కన నిలబడతాను, ఒక్కొక్కటీ నువ్వు చెబుతుంటేనే చేస్తాను. ఇలా ఇంట్లోనే మొదలుపెడదాం. సాయం చేసే మనిషి అయినా సరే, నీకు ఇష్టం లేని చోట చేయి పడితే గట్టిగా వద్దను. నన్ను లేపడానికి అర్ధరాత్రి అయినా ఫోన్ చెయ్యి. నువ్వు చెప్పింది నేను నమ్ముతాను.

డబ్బు సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పెన్షన్ నీ ఖాతాలో పడుతుంది, ఇక లెక్క నువ్వే రాసుకో. సంతకం కుదరని రోజు వేలిముద్ర వేయొచ్చు. ఆధార్‌లో ఒకలా, దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీలో ఇంకోలా ఉన్న మన ఇంటిపేరు మాత్రం ముందు సరిచేయించాలి. ఆ తేడా వల్లనే పోయినసారి మనల్ని తిప్పి పంపించారు. ఫైలు ఇక నీ బీరువాలోనే పెట్టుకో.

డిగ్రీ బరంపురంలోనే చదువుతానన్నావు. నాకు భయంగానే ఉంది, అయినా వద్దనను. ప్రభుత్వ కాలేజీల్లో 5 శాతం సీట్లు దివ్యాంగులకు ఉంటాయి. పరీక్షలో రాసిపెట్టే మనిషిని అడగొచ్చు, గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది. వీటిలో ఏదీ ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, అడగడానికి మొహమాటపడకు.

అక్కడే ఉన్నావు కాబట్టి నీకు నచ్చిన కాలేజీకి ఒకసారి వెళ్లిరా. ర్యాంప్ ఉందా, క్లాసులు ఏ అంతస్తులో జరుగుతాయి, బాత్రూమ్ తలుపులో వాకర్ పడుతుందా, హాస్టల్లో ఆయా ఉంటుందా, అన్నీ ఆఫీసులో నువ్వే అడుగు. పిన్నిని గేటు దగ్గర కూర్చోమను. వాళ్లు ఏమన్నారో రాత్రికి నాకు మెసేజ్ పెట్టు.

అమ్మ