క్షమాపణ ఉత్తరం రాయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపినవాళ్ళకి

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్, డబ్లిన్, శాన్ రామోన్ చుట్టుపక్కల తెలుగు తల్లిదండ్రులకి శనివారాలు వెచ్చించి శిక్షణ ఇచ్చిన జాతి న్యాయ కార్యకర్తలకి, పిల్లల కేసులు చూసే పబ్లిక్ డిఫెండర్లకి (ప్రభుత్వమే జీతమిచ్చి పెట్టే లాయర్లకి), వాళ్ళతో వచ్చి ఓపిగ్గా ప్రశ్నలకి జవాబులిచ్చిన ఇరవై ఏళ్ళు నిండని కుర్రకారుకి మా తల్లిదండ్రుల బృందం తరఫున మనసారా కృతజ్ఞతలు. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. చెప్పినది పదిమందికీ చేరితే చాలన్నారు. అందుకే ఈ పోస్టులో పొగడ్త తక్కువ, వాళ్ళు నేర్పిన విషయం ఎక్కువ.

బడి నుంచి ఫోన్ వస్తే మన ఇళ్ళలో ముందుగా వచ్చే మాట “సారీ చెప్పేయ్ నాన్నా, పోతుంది”. వాళ్ళు మొట్టమొదట మాన్పించింది ఈ అలవాటునే. వైస్ ప్రిన్సిపల్ గదిలో పిల్లాడి ముందు ఒక కాగితం, పెన్ను పెడతారు. “ఏం జరిగిందో నీ మాటల్లో రాయి” అంటారు. పెద్దవాళ్ళ మాట కాదనకూడదని పెంచిన పిల్లలు నిండా రాసిస్తారు, పక్కవాడి పేరుతో సహా. ఆ కాగితం బడి ఫైల్లో ఉంటుంది, అవసరమైతే పోలీసుల చేతికీ వెళ్తుంది. కిందటి వారం పంచిన తెలుగు హక్కుల కార్డులో మేం మొదట ‘స్టేట్‌మెంట్’ అనే ఉంచాం. చిన్నపాటి స్టేట్‌మెంటే కదా అనిపిస్తుందని వాళ్ళే దాన్ని మార్పించారు. ఇప్పుడు అక్కడ ‘వాంగ్మూలం’ అని ఉంది. ఆ మాట చూస్తే ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు. క్షమాపణ చెప్పొద్దని కాదు, లాయర్‌తో మాట్లాడాక చెప్పమని.

పోలీసుల దగ్గర లెక్క వేరు. కాలిఫోర్నియాలో 2021 జనవరి 1 నుంచి 17 ఏళ్ళు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లల్ని కస్టడీలో ప్రశ్నించాలంటే ముందు వాళ్ళు లాయర్‌తో మాట్లాడి తీరాలి. ఎదురుగా గానీ, ఫోన్లో గానీ, వీడియోలో గానీ. పిల్లలు “అక్కర్లేదు” అన్నా కుదరదు, ఆ సంప్రదింపుని వదులుకునే వీలు చట్టంలోనే లేదు. ప్రాణానికో ఆస్తికో అప్పటికప్పుడు ముప్పుంటే మాత్రం మినహాయింపు ఉంది. 2024 జులై 1 నుంచి ఇంకొకటి తోడైంది. ‘నీ స్నేహితుడు అంతా చెప్పేశాడు’ లాంటి అబద్ధాలతో, బెదిరింపులతో, మానసికంగా లొంగదీసే ఎత్తులతో పిల్లల్ని ప్రశ్నించకూడదు.

ఇందులో రెండు చిల్లులున్నాయి, మనవాళ్ళు పడేది వాటిలోనే. మొదటిది, చట్టం లాయర్‌ని ఇస్తుంది, అమ్మానాన్నల్ని కాదు. మనం ఆఫీసు నుంచి వచ్చేదాకా పోలీసులు ఆగాలని లేదు. “అమ్మ కావాలి” అంటే “లాయర్ కావాలి” అన్నట్టే అనుకోవడానికీ లేదు, రాష్ట్ర సుప్రీంకోర్టు 2010లో ఇదే చెప్పింది. అందుకే పిల్లలకి నేర్పాల్సింది రెండే వాక్యాలు: “ఐ వాంట్ ఎ లాయర్. ఐ డోంట్ వాంట్ టు టాక్.” తర్వాత నోరు మూసుకోవాలి. పక్కన కూర్చున్న ఆఫీసరు వాతావరణం గురించి అడిగినా సరే. రెండోది, ఈ చట్టం కస్టడీకే వర్తిస్తుంది. బడిలో ఉండే పోలీసు అధికారి “రా, కాసేపు మాట్లాడదాం” అంటే అది కస్టడీయా కాదా అన్నది తర్వాత కోర్టులో తేలే గొడవ. నార్త్ కరొలైనాలో 13 ఏళ్ళ పిల్లాడిని క్లాసు నుంచి పిలిపించి, తలుపులు మూసిన గదిలో కూర్చోబెట్టి ప్రశ్నించిన కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కస్టడీ అవునో కాదో చూసేటప్పుడు పిల్లల వయసునీ లెక్కలోకి తీసుకోవాలని 2011లో తీర్పొచ్చింది. అయినా ఆ రోజు ఆ గదిలో పిల్లాడికి పనికొచ్చేది ఒక్క ప్రశ్నే: “నేను వెళ్ళొచ్చా?” ఫోన్ అన్‌లాక్ చేసి ఇమ్మంటే “నా సమ్మతి లేదు” అని మర్యాదగా చెప్పాలి. లాక్కుంటే పెనుగులాడకూడదు.

లాయర్ ఖర్చు గురించి అడగనివాళ్ళు లేరు. పిల్లల నేర కేసుల్లో తల్లిదండ్రుల జీతం ఎంతైనా కోర్టు లాయర్‌ని పెడుతుంది. 2018కి ముందైతే ఆ లాయర్‌కీ, జువెనైల్ హాల్లో, అంటే పిల్లల్ని నిర్బంధించే చోట ఉంచిన రోజులకీ, ఎక్కడున్నారో చూడటానికి కాలికి కట్టిన మానిటర్‌కీ బిల్లులు ఇంటికొచ్చేవి. మన అలమేడా కౌంటీ 2016లో వాటిని ఎత్తేసింది, రాష్ట్రం మొత్తానికి 2018 జనవరి 1 నుంచి పోయాయి. బాధితులకి కట్టాల్సిన నష్టపరిహారం మాత్రం వేరే సంగతి, అది ఉంటుంది.

ఇవన్నీ ఊరికే రాలేదు. బిల్లులు కట్టలేక అప్పులపాలైన నల్లజాతి, లాటినో కుటుంబాలు సాక్ష్యం చెప్తే వచ్చాయి. లాయర్ సంప్రదింపు చట్టం వెనక రివర్‌సైడ్‌లో 10 ఏళ్ళ పిల్లాడి కేసుంది. మౌనంగా ఉండే హక్కంటే ఏమిటో తెలుసా అని పోలీసులడిగితే, ప్రశాంతంగా ఉండే హక్కని చెప్పాడు ఆ పిల్లాడు. హక్కులు అర్థమయ్యాయనుకుని ప్రశ్నలు వేశారు. ఆక్లండ్ బడుల్లో సొంత పోలీసు విభాగాన్ని రద్దు చేయాలని 2020 జూన్‌లో బోర్డు ఏకగ్రీవంగా తీర్మానించిందంటే, దాని వెనక బ్లాక్ ఆర్గనైజింగ్ ప్రాజెక్ట్ అనే స్థానిక నల్లజాతి సంస్థ దాదాపు పదేళ్ళ పోరు ఉంది. ఆ పదేళ్ళూ మనం పక్క ఊళ్ళోనే ఉన్నాం. “మన పిల్లలు అలాంటివాళ్ళు కాదులే” అనుకుంటూ.

ఇక సస్పెన్షన్. నోటీసు చేతికి రాగానే ముందు చూడాల్సింది పిల్లాడి పేరు కాదు, సెక్షన్ నంబరు. రాష్ట్ర విద్యా చట్టంలోని సెక్షన్ 48900 పక్కన (కె) అని ఉంటే అది ‘ధిక్కారం’, అంటే టోపీ తీయకపోవడం, ఎదురు మాట్లాడటం లాంటివి. ఈ కారణంతో బడి యాజమాన్యం ఇప్పుడు కిండర్‌గార్టెన్ నుంచి 12వ తరగతి దాకా ఎవరినీ సస్పెండ్ చేయకూడదు. హైస్కూలుకి ఇది 2024 జులై 1 నుంచే వచ్చింది కాబట్టి పాత ఫారాలు ఇంకా తిరుగుతుంటాయి. ఏ కారణంతోనైనా మామూలుగా ఒక సస్పెన్షన్ వరసగా 5 బడి రోజులు దాటకూడదు, ఏడాది మొత్తానికి 20 దాటకూడదు. పంపేముందు పిల్లాడికి తన వైపు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. 2 రోజులు, ఆపైన అయితే హోంవర్క్ అడిగి తెచ్చుకోవచ్చు.

అన్నిటికంటే ప్రమాదం కాగితం లేని సస్పెన్షన్. “ఈ రోజుకి ఇంటికి తీసుకెళ్ళండి, రికార్డులో ఏం పెట్టం” అంటారు. మేలు చేస్తున్నట్టే ఉంటుంది. మన నోటితో “థ్యాంక్యూ” కూడా చెప్పిస్తారు. కానీ కాగితం లేకపోతే ఆ రోజు 20లోకి లెక్కకి రాదు, సవాలు చేయడానికి ఏమీ మిగలదు. ప్రత్యేక విద్యలో ఉన్న పిల్లలకైతే 10 రోజులు దాటగానే ‘ఈ ప్రవర్తన వైకల్యం వల్ల వచ్చిందా’ అని తేల్చే సమావేశం పెట్టాలి, లెక్క లేకపోతే అదీ ఎగిరిపోతుంది. పైగా రాష్ట్ర విద్యాశాఖ అంకెల్లో నల్లజాతి పిల్లల సస్పెన్షన్ రేటు సగటుకి రెట్టింపు పైనే కనిపిస్తోందంటే, అది కాగితమున్న వాటి లెక్క మాత్రమే. కాబట్టి ఇంటికి పంపితే నోటీసు అడగండి. ఆ రోజే ఈమెయిల్ పెట్టి పూర్తి ఫైల్ కోరండి. అడిగిన 5 పనిదినాల్లో చూపించాలి.

బడి నుంచి పూర్తిగా తీసేసే ఎక్స్‌పల్షన్ అయితే విచారణకి కనీసం 10 రోజుల ముందు రాతపూర్వక నోటీసు రావాలి. సిద్ధం కావడానికి ఒకసారి వాయిదా అడిగే హక్కుంది, 30 రోజుల దాకా. నిర్ణయం వచ్చిన 30 రోజుల్లోగా కౌంటీ బోర్డుకి అప్పీలు వేసుకోవాలి. విచారణ అక్కర్లేదు, ఇక్కడ సంతకం పెడితే చాలని ఒప్పంద పత్రం ఇస్తే అక్కడే కూర్చుని పెట్టొద్దు. ఆ సంతకంతో పోయేది విచారణ హక్కు. నోటీసు అర్థం కాకపోతే తెలుగులో అడగండి. బడిలో 15 శాతం పిల్లల ఇంటి భాష అదే అయితే అనువాదం తప్పనిసరి. మన భాష ఆ అంకె అందుకోవడం అరుదే గానీ, 1964 పౌర హక్కుల చట్టం ప్రకారం ఇంగ్లిష్ రాని తల్లిదండ్రులకి అర్థమయ్యేలా చెప్పాల్సిన బాధ్యత బడిదే. పిల్లాడినే అనువాదకుడిగా కూర్చోబెట్టనివ్వొద్దు.

హెచ్-4 మీద, అంటే అమ్మానాన్నల హెచ్-1బి ఉద్యోగ వీసాని ఆధారం చేసుకున్న వీసా మీద ఉన్న పిల్లల గురించి విడిగా ఒక పూటంతా చెప్పారు. జువెనైల్ (పిల్లల) కోర్టు తీర్పు ఇమిగ్రేషన్ చట్టంలో ‘కన్విక్షన్’, అంటే నేర నిర్ధారణ కిందికి రాదు. 2000 నుంచీ ఇమిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు మాట ఇదే. అంతమాత్రాన నిశ్చింత కాదు. గంజాయి వేప్ పెన్ను ఇక్కడ 21 నిండినవాళ్ళకి చట్టబద్ధం, ఫెడరల్ చట్టంలో కాదు. “అవును వాడాను”, “ఫ్రెండ్‌కి అమ్మాను” అన్న ఒప్పుకోలు, కేసు లేకుండానే తర్వాత వీసా దగ్గర అడ్డు తగలొచ్చు. రికార్డు సీల్ చేయించే (బయటివాళ్ళకి కనబడకుండా మూయించే) ముందు కోర్టు కాగితాల ధ్రువీకృత నకళ్ళు తీసి భద్రపరచండి. రేపు పౌరసత్వ ఫారంలో అరెస్టుల గురించి, సీలైనవి కూడా కలిపి అడుగుతారు. ఇమిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా ‘లేదు’ అని టిక్కు పెట్టొద్దు. కాలేజీ బెంగ ఉన్నవాళ్ళకి ఒక మాట: చాలా కాలేజీలకి ఒకేచోట దరఖాస్తు పెట్టే కామన్ యాప్ 2021-22 నుంచి బడి క్రమశిక్షణ ప్రశ్నని తీసేసింది. కొన్ని కాలేజీలు మాత్రం విడిగా అడుగుతాయి.

2021 నుంచి అమల్లో ఉన్న రేషియల్ జస్టిస్ చట్టం గురించి మేం అడగలేదు, వాళ్ళే చెప్పారు. జాతి, మూలదేశం కారణంగా అధికారో, వకీలో, జడ్జో పక్షపాతం చూపినా, అలాంటి నేరానికే ఒక వర్గం మీద బరువైన అభియోగాలు పడుతున్నా కోర్టులో ఎత్తి చూపొచ్చు, ఉద్దేశపూర్వకమని నిరూపించక్కర్లేదు. జువెనైల్ కేసులకీ వర్తిస్తుంది. మూలదేశం అన్న మాటలో మనమూ ఉన్నాం.

వాళ్ళు రుసుము తీసుకోలేదు. మేం తెచ్చిన పులిహోర మాత్రం గిన్నె మిగల్చలేదు. అడిగింది ఒక్కటే, బడి బోర్డు సమావేశాలకి రమ్మని. మామూలు సమావేశమైతే అజెండా 72 గంటల ముందే పెడతారు. క్రమశిక్షణ, పోలీసు ఒప్పందం అన్న మాటలు కనిపిస్తే ఆ అంశం నంబరు రాసుకుని, మొదలయ్యేలోపే స్పీకర్ కార్డు (మాట్లాడతామని పేరు రాసిచ్చే చీటీ) ఇవ్వాలి. మైకు దగ్గర ఒకటి నుంచి మూడు నిమిషాలే ఇస్తారు. ఇంగ్లిష్‌లో తడబడతామన్న భయం వద్దు. తెలుగులో మాట్లాడి పక్కన అనువాదకుడిని నిలబెట్టుకుంటే, అప్పటికప్పుడు అనువదించే పరికరాలు లేనిచోట, చట్టప్రకారం కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలి.