నాయనకు, ఇంగ్లండ్‌లోని ప్లిమత్ నుంచి

నాయనా,

మొన్న ఫోన్లో "సముద్రం చదివితే ఏం ఉద్యోగమొస్తుందమ్మా" అని అడిగావు. ఇంతలో అమ్మ అందుకుంది, మాట మారిపోయింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఒక సంగతి చెప్పనీ. ఈ వారం మమ్మల్ని ఇక్కడి మెరైన్ బయలాజికల్ అసోసియేషన్‌కు తీసుకెళ్లారు. బల్ల మీద ఏముందో తెలుసా? పట్టు! ధర్మవరం వదిలాక అంత పట్టు ఒక్కచోట చూడటం అదే.

సముద్రంలో నీళ్లతో పాటు కొట్టుకుపోయే జీవాలను ప్లాంక్టన్ అంటారు, చాలావరకు కంటికి ఆనవు. వాటి కోసం 1931 నుంచి సరుకు ఓడల వెనక ఒక లోహపు పెట్టె కట్టి లాగుతున్నారు. నీళ్ల తోపుకు పెట్టె వెనక చిన్న ఫ్యాన్ తిరుగుతుంది. దాంతో లోపల పట్టు మెల్లగా కదులుతుంది, నీ మగ్గం మీద నేసిన గుడ్డ చుట్టుకుంటూ పోయినట్టే. నీళ్లు వడకట్టుకుపోతాయి, జీవాలు పట్టు మీద ఆగిపోతాయి, పైనుంచి ఇంకో పట్టు పొర వచ్చి కప్పేస్తుంది. పది సెంటీమీటర్ల పట్టులో దాదాపు 18 కిలోమీటర్ల సముద్రం ఉంటుంది నాయనా! నైలాన్ వచ్చినా పట్టు మానలేదు. మానేస్తే పాత లెక్కతో ఇప్పటి లెక్క పోల్చలేరు.

నా చేతికిచ్చిన ముక్క లేత ఆకుపచ్చగా ఉంది. మొక్కల్లాంటి ప్లాంక్టన్ వల్ల వచ్చే ఆ పచ్చ ఎంత ఉందో రంగుల అట్టతో పోల్చి రాస్తారు. నువ్వు అద్దకం సరిపోయిందా అని పోగులు ఎండలోకి పట్టుకెళ్లేవాడివి కదా, నేనూ అట్లాగే కిటికీ దగ్గరికి వెళ్లాను.

మా యూనివర్సిటీ ప్రొఫెసర్ రిచర్డ్ థాంప్సన్, ఇంకొందరు కలిసి 1960ల నుంచి దాచిన పట్టు ముక్కలు మళ్లీ తీసి చూశారట. సన్నటి ప్లాస్టిక్ పోగులు అప్పటికంటే తర్వాత బాగా పెరిగాయని 2004లో చూపించారు.

ఇక ఉద్యోగం. ఇక్కడ సముద్రంలో గాలిమరలు నిలిపే ముందు అడుగున ఏ జీవాలున్నాయో సర్వే చేయాలి, ఆ పని చేసే కంపెనీలున్నాయి. కానీ నా మనసంతా ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం మీదే. అది మన హైదరాబాద్‌లోనే ఉంది. ఉపగ్రహాల నుంచి నీటి వేడి, పచ్చదనం చూసి చేపలు ఎక్కడ దొరకొచ్చో జాలర్లకు చెప్పేది వాళ్లే. 2007 నుంచి సునామీ హెచ్చరికలూ అక్కణ్ణుంచే. పర్మనెంట్ పోస్టులు తక్కువ, పీహెచ్‌డీ చేయాలి, మొదట్లో ప్రాజెక్టు ఉద్యోగాలే దొరుకుతాయి. నీకు దాచను. అయినా చేస్తాను.

రంగు వేయని పట్టు ముక్క ఒకటి పోస్టులో పంపు నాయనా. వీళ్ల పట్టులో కన్నం మిల్లీమీటరులో పావు వంతు కంటే కాస్త పెద్దది. నీ నేతలో ఎంతుందో మైక్రోస్కోపు కింద పెట్టి చూడాలి.

నీ చిన్నమ్మి