జెండా ఎగిరితే ఊరు పట్టినట్టు కాదు

సంపాదకులకు,

ఉక్రెయిన్‌లో ఫలానా పట్టణం పడిపోయిందని టీవీ స్క్రోలింగ్ వచ్చిందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో పండగే. 2023 జనవరిలో తూర్పు ఉక్రెయిన్‌లోని సోలెదార్ పట్టణాన్ని పట్టామని రష్యా తరఫున పోరాడిన ప్రైవేటు సైన్యం వాగ్నర్ ముందే చాటుకుంది. రష్యా రక్షణ శాఖ 13న ప్రకటించింది. వెనక్కి వచ్చామని ఉక్రెయిన్ సైన్యం 25న గానీ ఒప్పుకోలేదు. ఏ తేదీన ఎవరన్నారో లేని వార్త చిత్తు కాగితమే.

వీడియో వస్తే చర్చి గోపురమో నీళ్ల ట్యాంకో కనిపించే చోట ఆపి, స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకాలి. పాతదైతే చాలావరకు అక్కడే దొరుకుతుంది. లేదంటే రోడ్డు మలుపు, ఇళ్ల కప్పులు శాటిలైట్ మ్యాపుతో పోల్చాలి. 2025 మేలో భారత్–పాక్ ఘర్షణప్పుడు ‘ఆర్మా 3’ వీడియో గేమ్ దృశ్యాలనే యుద్ధమని తిప్పారు!

ఉపగ్రహాలకు కనబడిన మంటలను చూపే నాసా ఫర్మ్స్ మ్యాపులో ఎర్ర చుక్క కనిపిస్తే బాంబు పడిందనేయడం మరో పొరపాటు. ఉపగ్రహంలోని విర్స్ సెన్సర్ చూపే చుక్క సుమారు 375 మీటర్ల గడి. మబ్బు పడితే మంట కనిపించదు. మిర్యాలగూడలో వరి కొయ్యకాళ్లు కాల్చినా పడేది ఆ చుక్కే.

ఇద్దరు సైనికులు జెండా ఎగరేసిన డ్రోన్ వీడియో వాళ్లు అక్కడిదాకా చేరారని చెబుతుంది, అంతే. మర్నాడు ఉన్నారో లేదో చెప్పదు. మీరు యుద్ధ మ్యాపు వేసేటప్పుడు తేదీ, మూలం రాసి, ఎవరి చేతిలోనూ లేని జాగాకు వేరే రంగు వేయగలరు.

– ఒక పాఠకుడు, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా