మా బోర్డు మీద ‘కౌన్సెలింగ్’ అన్న మాట తీసేస్తున్నాం

అమలాపురం గడియార స్తంభం సెంటర్ దగ్గర మన నెట్ సెంటర్‌కి వచ్చే పిల్లలకి, తల్లిదండ్రులకి నమస్కారమండి.

ఎంసెట్ అన్న రోజుల నుంచి, 2021లో అది ఈఏపీసెట్ అయ్యాక కూడా, ర్యాంకు కార్డు పట్టుకుని మీరంతా మా దగ్గరికే వస్తున్నారు. ‘ఇక్కడ కౌన్సెలింగ్ చేయబడును’ అని మా బోర్డు మీద ఎర్రక్షరాలతో ఉంటుంది. ఈ సీజన్ నుంచి ఆ మాట తీసేసి ‘వెబ్ ఆప్షన్లు పెట్టబడును’ అని రాయిస్తున్నాను. ఆప్షన్లంటే ఏ కాలేజీలో ఏ కోర్సు కావాలో ఆన్‌లైన్‌లో వరుసగా ఎంచుకోవడమే. ఆప్షన్లు పెట్టినందుకు తీసుకునే 50 రూపాయలు కూడా 200 అవుతుంది. రెండిటికీ కారణం ఒకటే.

ఇన్నాళ్లూ 50కే ఎలా గిట్టుబాటయిందంటే, కొన్ని కాలేజీల పీఆర్వోలు నాకు కమీషన్ ఇచ్చేవారు. సంక్రాంతి వెళ్లగానే ఊళ్లమ్మట తిరిగి ఇంటర్ పిల్లల ఫోన్ నంబర్లు రాసుకునే ఆ పీఆర్వోలే, ఆప్షన్ల రోజులకి మా షాపుకి వస్తారు. ఒక్క సీటు మీద వచ్చే డబ్బు నా నెల అద్దెలో సగం ఉండేది. ఈ సంగతి మీలో ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సింది.

మూడేళ్ల కిందట ముమ్మిడివరం వైపు నుంచి ఒక కొబ్బరి వ్యాపారి కూతుర్ని తీసుకొచ్చారు. “సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) తప్ప వేరేది వద్దండి” అన్నారాయన. ఓటీపీ ఆయన ఫోన్‌కి వచ్చింది, పాస్‌వర్డ్ నేను పెట్టాను. ఆయన చెప్పిన కాలేజీల మధ్యలో నాకు కమీషన్ ఇచ్చే కాలేజీని రెండో నంబర్లో ఎక్కించాను. “ఇదీ మంచిదేనండి, సీటు ఖాయం” అన్నాను. ముప్పావు గంటలో పని అయిపోయింది. అంతసేపూ అమ్మాయి జిరాక్స్ మిషన్ పక్కన నిలబడే ఉంది. ఆమెని నేను ఒక్క మాట అడగలేదు. సీటు అక్కడే వచ్చింది.

ఆ సంక్రాంతికి ఇంటికొచ్చిన పిల్ల మళ్లీ హాస్టల్‌కి వెళ్లనంది. అప్పటికే సరిగా తినడం లేదు, నిద్ర లేదు. కాలేజీలో ఆమెకి ‘కౌన్సెలర్’ అని ఒక లెక్చరర్ ఉన్నారు. ఇరవై మంది పిల్లల్ని ఒక్కో సార్‌కి అప్పజెప్పి, అటెండెన్స్, మిడ్ మార్కులు కౌన్సెలింగ్ బుక్‌లో రాయించే పద్ధతి మీకు తెలిసిందే. ఆ సారు మూడుసార్లు తండ్రికి ఫోన్ చేసి అటెండెన్స్ తక్కువని చెప్పారు. ఆయన తప్పేం లేదు, ఆయనకి అప్పజెప్పిన పనే అది. అదృష్టం కొద్దీ ఆ ఏడాదే అదే కాలేజీలో సైకాలజీ చదివిన ఒక మేడంని కౌన్సెలర్‌గా వేశారు. తండ్రి బలవంతం మీద తిరిగి వెళ్లిన అమ్మాయితో ఆవిడ వారానికోసారి, తలుపు వేసుకుని, నెలన్నర మాట్లాడారు. అమ్మాయి సరేనన్నాకే తండ్రిని పిలిపించారు. ఆయన ఎదుటే అమ్మాయిని మేడం అడిగారట, “ఈ కోర్సు ఎవరు ఎంచుకున్నారమ్మా?” అని.

“నెట్ సెంటర్ అంకుల్” అందట ఆ పిల్ల.

ఆ తండ్రి షాపుకి వచ్చి నాకు ఈ మాట చెప్పారు. కోప్పడలేదు. నా ఎదురు కుర్చీలో కాసేపు కూర్చుని వెళ్లిపోయారు. మర్నాటి నుంచి కమీషన్ మానేశానని చెప్పుకోవాలని ఉంది గానీ, అది నిజం కాదు. ఆ తర్వాత రెండు సీజన్లు కూడా తీసుకున్నాను. ఇంట్లో అప్పు ఉంది, షాపు అద్దె పెరిగింది. ఈ ఏడాది ఆపేశాను.

అమ్మాయి తర్వాత జూన్‌లో డిగ్రీ అడ్మిషన్‌కి మా దగ్గరే ఓఏఎండీసీలో, అంటే డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ పోర్టల్‌లో, అప్లై చేసింది. లెక్కలు తీసుకుంది, టీచర్ అవుతానంటోంది.

అప్పటి నుంచి ‘కౌన్సెలింగ్’ అన్న మాట గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. మన దగ్గర ఆ మాటకి మొదటి అర్థం సీటు. రెండోది పోలీసు స్టేషన్‌కి పిలిచి మందలించడం. ఇక కాలేజీలో కౌన్సెలర్ అంటే నాన్నకి ఫోన్ చేసే సారు. మరి లోపల బాధ పడుతున్న పిల్లని కౌన్సెలర్ దగ్గరికి వెళ్లమంటే “నేనేం తప్పు చేశాను?” అని బెదిరిపోదా?

ఇప్పుడు ఆ పని మారుతోంది, మారి తీరాలి. విశాఖలో నీట్ కోచింగ్‌కి వచ్చిన 17 ఏళ్ల బెంగాలీ అమ్మాయి 2023లో చనిపోయింది. ఆమె తండ్రి పట్టు వదలకుండా సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 జులై 25న కోర్టు ఆ కేసుని సీబీఐకి ఇస్తూ, దేశంలో విద్యాసంస్థలన్నిటికీ వర్తించేలా 15 మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేవరకు వాటిని పాటించాల్సిందే. 100 మంది, అంతకు మించి పిల్లలున్న ప్రతిచోటా శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టాలి. అంతకంటే చిన్న సంస్థలైతే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇప్పించాలి. నన్ను ఎక్కువ తాకింది ఇంకొకటుంది. కోర్సుల విషయంలో పిల్లలకే కాదు, తల్లిదండ్రులకి కూడా అర్హులైన వాళ్లతో కెరీర్ కౌన్సెలింగ్ ఇప్పించాలంది కోర్టు. అంటే నేను 50 రూపాయలకి, ముప్పావు గంటలో, కమీషన్ తీసుకుని చేసిన పని అసలు వాళ్లది.

2022లో దేశంలో ప్రాణం తీసుకున్న విద్యార్థులు 13,044 మంది అని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. మన పిల్లలూ అందులో ఉంటారు. ఇంటర్ రిజల్ట్స్ రోజున మా షాపు ముందు నిలబడే మొహాలు చూస్తే ఈ మధ్య నాకు భయమేస్తోంది.

అందుకే అడ్మిషన్‌కి వెళ్లినప్పుడు ఫీజు, బస్సు, మెస్ అడిగినట్టే కౌన్సెలర్ గురించి కూడా అడగండి. ఏం చదువుకున్నారు? ఆ పని ఒక్కటే చేస్తారా, క్లాసులు, ఇన్విజిలేషన్ కూడా ఉంటాయా? గది ఎక్కడ? ప్రిన్సిపాల్ రూముకి ఆనుకుని ఉంటే పిల్లలు ఆ వైపు పోరు. పిల్ల చెప్పింది ఎవరికి చెబుతారు? ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే తప్ప చెప్పం అన్న కౌన్సెలర్ మీద కోపం తెచ్చుకోకండి. ఇంట్లో మనకి కూడా చెప్పలేనిది చెప్పుకోవడానికే ఆ గది. సర్టిఫికెట్ చూపించడానికి ఒక పేరు పెట్టి, గది తాళం వేసి ఉంచితే మాత్రం గట్టిగా నిలదీయండి.

మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416. ఏ వేళైనా ఉచితంగా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. దాన్ని ఇకమీదట మా ప్రతి జిరాక్స్ కవరు మీద ముద్ర వేసి ఇస్తాం.

ఇక మా షాపు సంగతి. ఏ కాలేజీ మంచిదని నన్ను అడగకండి, చెప్పను. ఏ కోడ్ ఏ కాలేజీదో, ఆప్షన్ల వరుస ఎందుకు ముఖ్యమో, మార్చుకోవడానికి గడువు ఎప్పుడో, సీటు వచ్చాక సెల్ఫ్ రిపోర్టింగ్ ఎలా చేయాలో ఎంతసేపైనా ఓపిగ్గా చెబుతాను. 200 ఇవ్వలేని ఇంటి పిల్లలు ఆ మాట నా చెవిలో చెబితే చాలు. తండ్రి ఒక్కరే వస్తే ఆప్షన్లు పెట్టను, పిల్లల్ని తీసుకురండి. కంప్యూటర్ ముందు ఇప్పుడు రెండు కుర్చీలు వేశాను. మౌస్ దగ్గరి కుర్చీ పిల్లలది. పాస్‌వర్డ్ కూడా వాళ్లే టైప్ చేసుకుంటారు, అప్పుడు నేను కౌంటర్ దగ్గరికి వెళ్లిపోతాను.